వీడియో గేమ్‌లో పోరాట దృశ్యాన్ని కూర్చడం ఎలా: మొదటి అడుగు నుంచి కెమెరా దాకా

సినిమాలో ఫైట్ మాస్టర్ ఒక పోరాటాన్ని కంపోజ్ చేసేటప్పుడు కెమెరా ఎక్కడ ఉంటుందో ఆయనకు ముందే తెలుసు. దెబ్బ తగలకపోయినా తగిలినట్టు కనిపించే కోణం ఒక్కటి దొరికితే చాలు, ఆ షాట్ ఓకే అయిపోతుంది. ప్రేక్షకుడు దాన్ని ఎప్పటికీ ఆ ఒక్క వైపు నుంచే చూస్తాడు. వీడియో గేమ్‌లో ఆ వెసులుబాటు లేదు. అదే దెబ్బను ఆటగాడు వందల సార్లు, ఏ వైపు నుంచైనా, తన బొటనవేలితో తానే కొడుతూ చూస్తాడు. అంతేగాక ఎదుటివాడి దెబ్బ తన మీదికి వస్తున్నప్పుడు దాన్ని గుర్తుపట్టి, తప్పుకోవాలో అడ్డుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకోవలసిన వాడూ అతడే. అందువల్ల గేమ్ పోరాటంలో అన్నిటికంటే శ్రద్ధగా కూర్చవలసినది దెబ్బకు ముందు వచ్చే అర సెకను. ఆ అర సెకను ఆటగాడి కంటికి అడ్డు లేకుండా కనిపించేలా చూడటం కెమెరాకు మొదటి బాధ్యత. ఈ మార్గదర్శిలోని దశలన్నీ ఈ రెండు విషయాలను పట్టుకునే నడుస్తాయి.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంజనీరింగ్ చదువుతూ, లేదా చిన్న ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి పూట ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి సొంతంగా గేమ్ తయారు చేయాలనుకునే వారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. ఇందుకు పెద్ద స్టూడియో, మనిషి కదలికలను నమోదు చేసే మోషన్ క్యాప్చర్ సూట్లు అక్కర్లేదు. బొమ్మలు, యానిమేషన్ చేసే బ్లెండర్, గేమ్‌ను నడిపే ఇంజిన్ గోడాట్ పూర్తిగా ఉచితం; అన్‌రియల్ ఇంజిన్, యూనిటీ కూడా నేర్చుకునే స్థాయిలో డబ్బు అడగవు. ఒక మాదిరి లాప్‌టాప్, రెండు ఫోన్లు, ఓపిక ఉంటే సరిపోతుంది. చెప్పే విషయం గాలిలో ఉండకుండా మొదటి నుంచి చివరి దాకా ఒకే దృశ్యాన్ని ఉదాహరణగా తీసుకుందాం: ఉదయగిరి దుర్గం మెట్లదారిలో కర్ర ఒక్కటే చేతిలో ఉన్న వార్తాహరుడు, అతణ్ణి అడ్డగించిన ముగ్గురు కాపలా భటులు.

మొదటి దశ: చోటును నిర్ణయించడం

కృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని సుదీర్ఘంగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. కోటకు చేరే దారి ఒక్కటే కావడంతో రాజు కొండల్లో బండరాళ్లు పగలగొట్టించి కొత్త బాటలు వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. పోరాటం కూర్చేవారికి ఇంతకంటే మంచి సమాచారం దొరకదు. దారి ఇరుకు, ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ, శత్రువు పైమెట్టు మీద నిలబడి ఉంటాడు. ఎవరు ఎటు నుంచి వస్తారో, ఎవరు ఎవరికి అడ్డమవుతారో చోటే చెప్పేస్తోంది. అందుకే ముందుగా కదలికలు ఆలోచించి తరవాత వాటికి ఒక మైదానం వెతకవద్దు.

కాగితం మీద పైనుంచి చూసినట్టుగా చోటును గీసి కొలతలు వేయండి. మన ఉదాహరణలో మెట్లదారి వెడల్పు రెండు మీటర్లు, దాని పైన ఆరు మీటర్ల చదును, చదునుకు ఎడమన నిలువు బండ, కుడిన లోయ. ఈ బొమ్మలో మనుషులతో పాటు కెమెరాను కూడా గీయాలి. నాయకుడి (ఆటగాడు నడిపే వార్తాహరుడి) వెనుక నాలుగు మీటర్ల దూరంలో కెమెరా ఉంటుందనుకుంటే, అతడి వీపు గోడకు నాలుగు మీటర్ల లోపు వచ్చిన ప్రతిసారీ కెమెరా నలిగి అతడి మెడ మీదికి వచ్చేస్తుంది. ఎడమ బండకు ఆనుకుని పోరాటం నడిస్తే ఇదే జరుగుతుంది. లోయ వైపు కెమెరా గాలిలో ఎంత దూరమైనా వెళ్లగలదు కాబట్టి, భటులు బండ వైపు నుంచి వచ్చేలా, నాయకుడి వీపు ఎక్కువగా లోయ వైపు ఉండేలా కూర్చడం మేలు. అంచు వెనుకే ఉందన్న భయం కథకు కూడా పనికివస్తుంది.

ఈ దశలోనే మరో ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: ఈ పోరాటం ముగిసేసరికి ఏమి మారాలి? మన వార్తాహరుడికి ముగ్గురినీ చంపవలసిన పని లేదు, దాటిపోతే చాలు. అలాగైతే అతడి కదలికల్లో తోసివేయడం, కాళ్లు తప్పించడం, కర్రతో దూరం పెట్టడం ఎక్కువ ఉండాలి. ఈ ఒక్క వాక్యం ముందే రాసుకోకపోతే చూడటానికి బాగున్న కదలికలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి పోరాటం కసరత్తు ప్రదర్శనగా మిగులుతుంది.

రెండో దశ: నిజమైన కదలికను చిత్రించుకోవడం

మన వైపు పల్లెల్లో దసరా ఊరేగింపుల్లోను, పీర్ల పండగ నాళ్లలోను కర్రసాము చేసేవారు ఇప్పటికీ కనిపిస్తారు. తాలింఖానాలో (సాము నేర్పే చోట) నేర్చిన పెద్దవారు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటే వారి దగ్గరకు వెళ్లండి. ఎందుకు చిత్రిస్తున్నారో, ఆ కదలికలు దేనిలో కనిపిస్తాయో విడమరిచి చెప్పి అనుమతి అడగండి. వారి సమయానికి తగిన పారితోషికం ఇచ్చి, గేమ్‌లో వారి పేరు వేయండి. ఉస్తాదు విద్యను ఫోన్‌లో ఎక్కించుకుని వచ్చి ఎవరి పేరూ చెప్పకుండా వాడుకోవడం అన్యాయం.

చిత్రించేటప్పుడు రెండు ఫోన్లను స్టాండ్ల మీద పెట్టి, ఒకటి ఎదురుగా, ఒకటి సరిగ్గా పక్క నుంచి, రెండూ సెకనుకు 60 ఫ్రేముల వేగంతో నడపండి. ఫోన్‌ను చేత్తో పట్టుకుని తిప్పవద్దు. నేల మీద ముగ్గుపిండితో మీటరుకొక గీత చొప్పున గళ్లు వేస్తే అడుగు ఎంత పడిందో తరవాత లెక్క తెలుస్తుంది. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టిస్తే రెండు వీడియోలనూ ఆ శబ్దం దగ్గర కలుపుకోవచ్చు. ఉదయపు ఎండ మంచిది. వెలుతురు తక్కువైతే ఫోన్ షట్టర్ నెమ్మదించి కర్ర మొత్తం మసకగా పడుతుంది. ఇద్దరు కలిసి చేసే కదలికలకు స్పంజి చుట్టిన కర్రలే వాడండి.

ఇలా నిజమైన మనిషిని చూసి బొమ్మను కదిలించడం కొత్త పద్ధతి కాదు. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా కోసం జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం వీడియో తీసి వాటి మీద ఒక్కొక్క ఫ్రేమునూ గీసుకున్నాడు. కత్తియుద్ధం కోసం 1938 నాటి ఒక హాలీవుడ్ చిత్రంలోని ద్వంద్వయుద్ధాన్ని ఆధారం చేసుకున్నాడు. ఆ కదలికలు ఈనాటికీ సహజంగా అనిపిస్తాయంటే కారణం ఆ పరిశీలనే.

ఇంటికి వచ్చాక ఒకే ఒక్క దెబ్బను తీసుకుని ఫ్రేము తరవాత ఫ్రేముగా జరుపుతూ చూడండి. ఉదాహరణకు కుడి నుంచి ఎడమకు నడుము ఎత్తున కొట్టే దెబ్బ. మొదట కదిలేది కర్ర కాదు, కుడి మడమ. అది నేల నుంచి లేచి బయటి వైపుకు తిరుగుతుంది. రెండు మూడు ఫ్రేముల తరవాత నడుము తిరుగుతుంది, అప్పటికి భుజాలు ఇంకా వెనుకే ఉంటాయి. ఆ తరవాత భుజం, మోచెయ్యి, మణికట్టు వరసగా విడుదలవుతాయి. కర్ర కొన అన్నిటికంటే చివర బయలుదేరి, రెండు మూడు ఫ్రేముల్లోనే మొత్తం దూరం దాటి, తెర మీద ఒక బూడిద రంగు చారగా మాత్రమే కనిపిస్తుంది. కొత్తగా యానిమేషన్ చేసేవారు నడుము, భుజం, చెయ్యి, కర్ర అన్నిటినీ ఒకే ఫ్రేములో కదిలిస్తారు. బొమ్మ కొయ్యలా కనిపించడానికి ఎక్కువసార్లు అదే కారణం.

మూడో దశ: దెబ్బను ఫ్రేములుగా విడదీయడం

గేమ్‌లో ప్రతి దెబ్బకూ మూడు భాగాలు ఉంటాయి. దెబ్బ తగలక ముందు జరిగే సన్నాహం, నిజంగా తగలగలిగే తాకిడి, తరవాత మళ్లీ మామూలు నిలకడకు వచ్చి కోలుకోవడం. సెకనుకు 60 ఫ్రేముల గేమ్‌లో ఒక ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఈ మూడు భాగాలకు ఎన్నెన్ని ఫ్రేములు ఇస్తారన్నదే పోరాటం స్వభావాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి, యానిమేషన్ మొదలుపెట్టక ముందే ప్రతి దెబ్బకూ ఈ లెక్క ఒక పట్టికలో వేసుకోండి.

ఇక్కడ నాయకుడికి, శత్రువుకు లెక్క ఒకటి కాదు. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే. ఆటగాడు బటన్ నొక్కిన వెంటనే కర్ర కదలకపోతే అతడికి చిరాకు వస్తుంది, అందుచేత నాయకుడి చిన్న దెబ్బకు సన్నాహం 6 నుంచి 10 ఫ్రేములకు మించకూడదు. అంత తక్కువ వ్యవధిలో బరువు చూపడం కష్టం కనుక, ఆ బరువును దెబ్బ తరవాతి భాగంలో పెట్టాలి: కర్ర ముందుకు సాగిపోవడం, నడుము ఎక్కువగా తిరిగి ఆగడం, వెనుక కాలు ఈడ్చుకుని రావడం. దీనికి 14 నుంచి 20 ఫ్రేములు ఇవ్వవచ్చు. అయితే ఆ 20 ఫ్రేములూ ఆటగాణ్ణి కట్టిపడేయకూడదు. సుమారు ఎనిమిదో ఫ్రేము నుంచి తప్పుకునే కదలికకు, పన్నెండో ఫ్రేము నుంచి తరవాతి దెబ్బకు దారి తెరవండి. కొంచెం ముందే నొక్కిన బటన్‌ను కూడా 8 ఫ్రేముల వరకు గుర్తుపెట్టుకుని, దారి తెరుచుకోగానే అమలు చేయండి. ఈ చిన్న ఏర్పాటు లేని గేమ్ ఎంత అందంగా ఉన్నా మొండికేసినట్టు అనిపిస్తుంది.

శత్రువు విషయం దీనికి పూర్తిగా తలకిందులు. కంటితో చూసి బటన్ నొక్కడానికి మనిషికి దాదాపు పావు సెకను, అంటే 15 ఫ్రేములు పడుతుంది. రెండు మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవలసి వస్తే ఇంకా ఎక్కువ. తెర, కంట్రోలర్ చేసే ఆలస్యం దీనికి అదనం. కాబట్టి శత్రువు చిన్న దెబ్బకు కూడా 30 ఫ్రేముల సన్నాహం, పెద్ద దెబ్బకు 45 నుంచి 60 ఫ్రేములు ఇవ్వడం న్యాయం. సన్నాహం మొత్తం నెమ్మదిగా సాగితే మాత్రం దెబ్బకు పస ఉండదు. మొదటి 10 ఫ్రేముల్లో భటుడు కత్తిని వేగంగా వెనక్కి ఎత్తాలి, తరవాతి 15 ఫ్రేములు ఆ భంగిమలో దాదాపు నిలిచిపోవాలి, చివరి 5 ఫ్రేముల్లో ఒక్కసారిగా విడుదల కావాలి. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ చూసినవారికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు. బండ కదలక ముందు గిత్తలు మెడలు దించి, గిట్టలు నేలలో దిగేసి, ఒళ్లంతా బిగబట్టిన ఆ క్షణంలోనే బండ ఎంత బరువో జనానికి తెలిసిపోతుంది.

ముగ్గురు భటుల సన్నాహ భంగిమలు ఒకదానితో ఒకటి కలవకూడదు. మొదటివాడు కత్తిని తలపైకి ఎత్తుతాడు, దానికి పక్కకు తప్పుకోవాలి. రెండోవాడు కత్తిని నడుము పక్కకు లాగుతాడు, దానికి వెనక్కి జరగాలి లేదా కర్రతో అడ్డుకోవాలి. బల్లెం పట్టినవాడు మోచెయ్యి వెనక్కి లాగి పొడవబోతాడు, దానికి బల్లేన్ని పక్కకు కొట్టి లోపలికి చొరబడాలి. మూడు భంగిమలనూ నల్లని నీడల్లా మార్చి, తెర మీద అరచెయ్యంత పరిమాణంలో పెట్టి చూసినా ఏది ఏదో తెలియాలి. మన తోలుబొమ్మలాట కళాకారులు తెర వెనుక దీపం పెట్టి సాధించినది ఇలాంటిదే; ముఖం సరిగా కనిపించకపోయినా చేతుల వాటం బట్టి ఎవరు కొట్టబోతున్నారో వెనుక వరసలో కూర్చున్నవారికి కూడా అర్థమయ్యేది.

తాకిడి భాగానికి 3 లేదా 4 ఫ్రేములు చాలు. ఇక్కడ సాంకేతికంగా ఒక ప్రమాదం ఉంది. కర్ర కొన మూడు ఫ్రేముల్లో రెండు మీటర్లు కదిలిందంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 67 సెంటీమీటర్లు దాటినట్టు. భటుడి ఒంటి మందం 30 సెంటీమీటర్లే. కర్ర ఒక ఫ్రేములో అతడికి ఇవతల, తరవాతి ఫ్రేములో అవతల ఉండి, మధ్యలో ఎక్కడా తగలనట్టు కంప్యూటర్ లెక్కవేస్తుంది. అందుకని ప్రతి ఫ్రేములోనూ కర్ర ఉన్న చోటును మాత్రమే పరీక్షించకుండా, వెనుకటి ఫ్రేములో ఉన్న చోటు నుంచి ఇప్పటి చోటు దాకా మధ్యలో ఉన్న దారినంతా పరీక్షించే పద్ధతి పెట్టాలి. ఈ సౌకర్యం గోడాట్, అన్‌రియల్, యూనిటీ మూడు ఇంజిన్లలోనూ ఉంది.

నాలుగో దశ: దెబ్బ తిన్నవాడి వంతు

దెబ్బ ఎంత గట్టిదో కొట్టినవాడి కంటే తిన్నవాడు ఎక్కువ చెబుతాడు. కర్ర కుడి నుంచి తగిలితే భటుడు ఎడమకు తూలాలి, కిందనుంచి తగిలితే గడ్డం పైకి లేవాలి. కనీసం నాలుగు దిక్కులకు నాలుగు ప్రతిస్పందనలు, చిన్న దెబ్బకు ఒక రకం, పెద్ద దెబ్బకు ఇంకో రకం చేసుకోండి. ప్రతిస్పందన మొదటి ఫ్రేములోనే భంగిమ బాగా మారిపోవాలి. నెమ్మదిగా మొదలైతే దెబ్బ మెత్తగా ఉంటుంది. నాయకుడికీ భటుడికీ మధ్య దూరం కాస్త ఎక్కువైనప్పుడు నాయకుణ్ణి ముందుకు జరిపి కలిపే మోషన్ వార్పింగ్ లాంటి ఏర్పాట్లు ఉన్నాయి కానీ, మీటరు దాటి జరిపితే పాదాలు నేల మీద జారుతున్నట్టు కనిపిస్తుంది. మెట్ల మీద ఇది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. అందుకే కనిపించే మెట్ల కింద కనిపించని నున్నని వాలును పెట్టి మనుషుల్ని దాని మీద నడిపించి, పాదాలను మాత్రం మెట్ల ఎత్తుకు సర్దే ఐకే (ఇన్వర్స్ కైనెమాటిక్స్) పద్ధతి వాడాలి.

ఐదో దశ: ముగ్గురినీ వంతులవారీగా నడపడం

1998లో వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్‌ను రూపొందిస్తున్న రోజుల్లో నింటెండో బృందంలోని కొందరు క్యోటోలోని తోయి స్టూడియో పార్కుకు వెళ్లి అక్కడి కత్తియుద్ధ ప్రదర్శన చూశారు. ఒక్క వీరుణ్ణి ఎంతమంది చుట్టుముట్టినా ఒకసారికి ఒకడే మీదికి వస్తున్నాడని, మిగిలినవారు కాచుకుని ఉంటున్నారని గమనించారు. శత్రువు మీద చూపు నిలిపి అతడి చుట్టూ తిరిగే లాక్ ఆన్ పద్ధతికి కూడా ఆ ప్రదర్శనే ప్రేరణ అయింది. తరవాత 2009లో బ్యాట్‌మ్యాన్: అర్ఖమ్ అసైలమ్ ఇదే సూత్రాన్ని పెద్ద గుంపులకు విస్తరించింది, కొట్టబోయేవాడి తలపైన గుర్తు వెలుగుతుంది, తక్కినవారు చుట్టూ తిరుగుతూ ఉంటారు.

దీన్ని అమలు చేయడానికి వంతు చీటీ పద్ధతి సులువు. ప్రోగ్రాములో ఒకే ఒక చీటీ ఉంటుంది, అది ఎవరి దగ్గర ఉంటే వాడే కొట్టగలడు. దెబ్బ ముగిసి కోలుకునే భాగంలోకి వెళ్లగానే చీటీ ఇంకొకరికి పోతుంది. చీటీ లేని భటులు ఊరికే నిలబడితే పోరాటం చచ్చిపోతుంది కాబట్టి, ఒకడు పక్కకు అడుగులు వేయడం, ఒకడు కత్తిని సవరించుకోవడం, బల్లెం వాడు పైమెట్టు ఎక్కడం వంటి పనులు వారికి ఇవ్వండి. ఇవి ఏవీ కొట్టే సన్నాహంలా కనిపించకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది: తెర మీద లేనివాడికి చీటీ ఇవ్వకూడదు. తప్పనిసరైతే అతడు కొట్టేముందు కేక వేయాలి, ఆ కేక అతడున్న వైపు నుంచే వినబడాలి.

ఆరో దశ: ఆడుతున్నప్పటి కెమెరా

2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 కెమెరాను నాయకుడి భుజం వెనుకకు దగ్గరగా తెచ్చి, ఆ తరవాతి యాక్షన్ గేమ్‌లకు ఒక దారి చూపింది. తుపాకీ గురిపెట్టే గేమ్‌కు ఆ దగ్గరితనం చక్కగా నప్పుతుంది. కర్ర అలా కాదు; రెండు వైపులా విశాలంగా తిరిగే ఆయుధం కనుక కెమెరా భుజానికి దగ్గరైతే కర్ర సగం తెర బయటే తిరుగుతుంది. మన దృశ్యానికి నాలుగు మీటర్ల దూరం, నాయకుడి తల కంటే కొంచెం ఎత్తు, అడ్డంగా 75 డిగ్రీల చూపు మేర (కెమెరాకు ఒకేసారి కనిపించే కోణం) సరిపోతాయని నా అభిప్రాయం. చూపు మేర 90 డిగ్రీలు దాటితే అంచుల్లో మనుషులు సాగినట్టు కనిపిస్తారు, దూరంగా ఉన్న బల్లెం వాడు చీమంత అవుతాడు. 60 కంటే తగ్గితే పక్కనున్న భటుడు కనిపించడు.

మెట్లదారి మరో చిక్కు తెస్తుంది. శత్రువు పైమెట్టు మీద ఉన్నప్పుడు నాయకుడి తల సరిగ్గా అతడి నడుముకు అడ్డం వస్తుంది, అంటే మనం అంత శ్రమపడి కూర్చిన సన్నాహ భంగిమ సగం మరుగున పడుతుంది. ఎక్కుతున్న వైపు చూస్తున్నప్పుడు కెమెరాను అర మీటరు పక్కకు జరిపి, కొంచెం కిందికి దించి పైకి చూపించండి. అప్పుడు భటుడు ఆకాశం నేపథ్యంలో నిలబడతాడు, అతడి చేతుల వాటం విడిగా తెలుస్తుంది. దిగుతున్న వైపు చూసేటప్పుడు దీనికి ఎదురు, కెమెరాను పైకెత్తాలి.

శత్రువు మీద లాక్ పడినప్పుడు కెమెరా అతణ్ణే చూడకూడదు. నాయకుడికీ అతడికీ మధ్య ఒక బిందువును ఊహించి దాన్ని చూడాలి. అప్పుడు నాయకుడు తెర కింది మూడో వంతులోను, శత్రువు పై సగంలోను స్థిరపడతారు. ముగ్గురూ దగ్గరగా ఉన్నప్పుడు ఆ బిందువును ముగ్గురి మధ్యకు నెమ్మదిగా జరిపి, దూరాన్ని నాలుగు నుంచి అయిదున్నర మీటర్లకు పెంచండి. చీటీ ఉన్నవాడికి ఈ లెక్కలో ఎక్కువ బరువు ఇవ్వాలి. యూనిటీలో కెమెరా సాధనమైన సినీమెషీన్‌కు చెందిన టార్గెట్ గ్రూప్ ఈ పని చేసిపెడుతుంది. అన్‌రియల్‌లో కెమెరాను నాయకుడి వెనుక పట్టి ఉంచే స్ప్రింగ్ ఆర్మ్ మీద కొద్దిపాటి ప్రోగ్రామింగ్ కావాలి.

కెమెరా తనంతట తాను ఎంత తెలివిగా తిరిగినా, ఆటగాడు తన వేలితో దాన్ని తిప్పిన క్షణం అది తప్పుకోవాలి. అతడు వదిలిన తరవాత ఒకటిన్నర సెకన్ల దాకా సొంత నిర్ణయాలు తీసుకోకూడదు. ఈ నియమాన్ని మీరిన గేమ్‌లలో కెమెరాతో కుస్తీ పడుతున్నట్టు అనిపిస్తుంది. అలాగే వెనుక బండ తగిలినప్పుడు కెమెరా చటుక్కున, ఒక సెకనులో పదో వంతులో ముందుకు రావాలి. అడ్డు తొలగాక వెనక్కి వెళ్లడం మాత్రం అర సెకనుకు పైగా తీసుకోవాలి. రెండు వేగాలూ ఒకటే అయితే బండల పక్కన నడిచినంత సేపు తెర ముందుకూ వెనక్కూ ఊగుతుంది. చెట్ల కొమ్మల వంటి సన్నని అడ్డాలకు కెమెరాను జరపవద్దు, వాటినే పారదర్శకంగా మార్చండి.

ఆటగాడి చేతిలో అదుపు ఉన్నంతసేపు షాట్ కట్ చేయవద్దు. కంట్రోలర్ మీది స్టిక్‌ను పైకి నెడితే నాయకుడు కెమెరాకు దూరంగా నడుస్తాడు. కట్ చేసి కెమెరాను ఎదురుగా పెడితే అదే స్టిక్ అతణ్ణి ఉన్నట్టుండి వెనక్కి తిప్పుతుంది. లోయ అంచున ఆ ఒక్క అడుగు ప్రాణం తీస్తుంది.

ఏడో దశ: కట్ సీన్, తిరిగి అప్పగింత

పోరాటం మొదట్లో భటులు అడ్డగించే భాగం, చివర్లో వార్తాహరుడు దాటిపోయే భాగం ఆటగాడి అదుపులో ఉండవు; ఇలాంటి భాగాలనే కట్ సీన్ అంటారు. ఇక్కడ సినిమా వ్యాకరణం నేరుగా పనిచేస్తుంది. నాయకుడికీ భటులకూ మధ్య ఒక గీత ఊహించి, కెమెరాను ఎప్పుడూ ఆ గీతకు ఒకే వైపు, మన దృశ్యంలో లోయ వైపు ఉంచండి. అప్పుడు ఏ షాట్‌లో చూసినా వార్తాహరుడు తెరకు ఒకే పక్కన ఉండి ఒకే దిశకు ఎక్కుతూ కనిపిస్తాడు. ఒకే మనిషి మీద వరసగా రెండు షాట్లు పెట్టవలసి వస్తే రెండిటి కోణాల మధ్య కనీసం 30 డిగ్రీల తేడా ఉండాలి, లేకపోతే కట్ తప్పుగా పడినట్టు బొమ్మ గెంతుతుంది.

ఇంజిన్లు లెన్స్‌ను డిగ్రీల్లోనూ మిల్లీమీటర్లలోనూ అడుగుతాయి. 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సార్‌కు 24 మిల్లీమీటర్ల లెన్స్ సుమారు 74 డిగ్రీలు, 35 మిల్లీమీటర్లది 54, 50 మిల్లీమీటర్లది 40, 85 మిల్లీమీటర్లది 24 డిగ్రీలు చూపుతాయి. దారి, లోయ, ముగ్గురు భటులు కలిసి తెలియవలసిన మొదటి షాట్‌కు 24, కర్ర దెబ్బలకు 35, ముఖాలకు 50 లేదా 85 వాడవచ్చు. దెబ్బ తగిలే క్షణాన్ని కట్ వెనుక దాచవద్దు. తగలడానికి ముందు కర్ర ఊపు మొదలైన చోట కట్ చేసి, తాకిడి, తూలడం రెండూ ఒకే షాట్‌లో పూర్తిగా చూపండి. సినిమాలో నటుడికి దెబ్బ తగలకూడదు కాబట్టి దాచవలసి వచ్చేది. మన బొమ్మకు నొప్పి లేదు, ఆ అవసరమూ లేదు. వెనుకటి షాట్ ముగిసినప్పుడు ప్రేక్షకుడి చూపు తెరలో ఎక్కడ ఉందో, కొత్త షాట్‌లో ముఖ్యమైనది అక్కడికి దగ్గరగా మొదలవ్వాలి.

అదుపును ఆటగాడికి తిరిగి ఇచ్చే చోట చాలా గేమ్‌లు తడబడతాయి. కట్ సీన్ చివరి షాట్ 50 మిల్లీమీటర్ల దగ్గరి షాట్ అయి, మరుక్షణం 75 డిగ్రీల గేమ్ కెమెరా వస్తే ఆటగాడు తానెక్కడున్నాడో వెతుక్కుంటాడు. చివరి షాట్‌ను నాయకుడి వెనుక నుంచే మొదలుపెట్టి, కెమెరా స్థానం, చూపు మేర రెండూ ఒక సెకనులో గేమ్ కెమెరా విలువలకు చేరేలా కలపండి. అదుపు ఇచ్చిన తరవాత మరో సెకను దాకా ఎవరికీ వంతు చీటీ ఇవ్వవద్దు. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ గేమ్ మొత్తాన్ని ఒక్క కట్ కూడా లేకుండా ఒకే షాట్‌గా నడిపింది. ఆ మార్గం అందమైనదే కానీ, ప్రతి మలుపు దగ్గరా కెమెరా, యానిమేషన్, లోడింగ్ అన్నీ కలవాలి కనుక చిన్న బృందానికి ఒక్క పోరాటం మేరకు ప్రయత్నించడమే క్షేమం.

ఎనిమిదో దశ: తాకిడికి బరువు

కర్ర తగిలిన ఫ్రేములో కొట్టినవాణ్ణి, తిన్నవాణ్ణి కాసేపు కదలకుండా ఆపే పద్ధతిని హిట్ స్టాప్ అంటారు. చిన్న దెబ్బకు 3 నుంచి 5 ఫ్రేములు, పెద్ద దెబ్బకు 8 నుంచి 12 ఫ్రేములు చాలు. ఆ ఇద్దరినే ఆపండి. కెమెరా, దుమ్ము, మిగతా భటులు కదులుతూనే ఉండాలి. కెమెరా కుదుపు ఒక డిగ్రీ లోపు ఉండి సెకనులో అయిదో వంతులో సద్దుమణగాలి, పెద్ద దెబ్బలకే పరిమితం కావాలి. కుదుపును పూర్తిగా ఆపుకునే సెట్టింగ్ తప్పక ఇవ్వండి, కొందరికి దానివల్ల తల తిరుగుతుంది. మెరుపులు సెకనుకు మూడింటిని మించకూడదు. అంతకు మించితే మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ప్రమాదం. శబ్దానికి వెదురు కర్రతో ఇనుము మీద, గోనె సంచి మీద, మట్టి నేల మీద కొట్టి ఫోన్‌లోనే రికార్డు చేసుకోవచ్చు. అది తాకిడి జరిగిన ఫ్రేములోనే మొదలవ్వాలి.

తొమ్మిదో దశ: పరీక్ష

మొదటి పరీక్షలో రంగులు, ఉపరితలాల మీది నమూనాలు (టెక్స్చర్లు) తీసేసి మనుషుల్ని నల్లని బొమ్మలుగా మార్చి ఆడండి. ఏ దెబ్బ వస్తోందో తెలియని చోట భంగిమ మార్చాలి. రెండో పరీక్షలో శబ్దం ఆపేసి ఆడండి. మూడోది కొత్తవారితో, మీ గేమ్‌ను ఎప్పుడూ చూడనివారికి కంట్రోలర్ ఇచ్చి, మీరు ఒక్క మాట కూడా సాయం చేయకుండా పక్కన కూర్చుని, వారి తెరను రికార్డు చేయండి. తమ్ముడో, పక్కింటి అబ్బాయో అయితే మొహమాటం కొద్దీ బాగుందనే చెబుతారు కాబట్టి వారి మాటల కంటే వేళ్లను చూడటం నమ్మకమైన పద్ధతి. దెబ్బ తిన్నాక వారు మరుసటిసారి సరైన దిక్కుకు తప్పుకుంటున్నారా, లేక అన్ని బటన్లూ కలిపి నొక్కుతున్నారా అన్నది గమనించండి.

ఆ సమయంలోనే ప్రోగ్రాము తనంతట తాను ఒక చిట్టా రాసేలా పెట్టండి. ఆటగాడికి తగిలిన ప్రతి దెబ్బకూ కొట్టినవాడెవడు, సన్నాహం మొదలైనప్పుడు అతడు తెర మీద ఉన్నాడా, అప్పుడు కెమెరా నాయకుడికి ఎంత దూరంలో ఉంది అన్న మూడు వివరాలు చాలు. చిట్టాలో తెర బయటి దెబ్బలు ఎక్కువగా ఉంటే ముందు వంతు చీటీ నియమాన్ని, తరవాత లాక్ బిందువును సరిచేయండి. కెమెరా రెండు మీటర్ల లోపు నలిగి ఉన్నప్పుడు పడిన దెబ్బలు ఎక్కువగా ఉంటే కెమెరాను ముట్టుకోకుండా చదును ఎడమ బండను ఒక మీటరు వెనక్కి జరపండి. తెర మీద ఉన్నవాడు, కెమెరా సరిగ్గా ఉన్నప్పుడు కొట్టిన దెబ్బే పదే పదే తగులుతోందని తేలితేనే సన్నాహం ఫ్రేములను పెంచండి, అదీ ఒకసారికి నాలుగు ఫ్రేముల చొప్పున, ప్రతి మార్పు తరవాత ఇంకో కొత్త మనిషితో ఆడించి చూస్తూ.